బిల్లుల ఫైలు

బన్సీలాల్‌పేట మెట్ల బావి పక్క గల్లీలో ఒక మామ, ఒక మేనల్లుడు ఉండేవాళ్లు. మామ చిన్నప్పటి నుంచి డీజిల్ ఇంజన్ల మధ్యే బతికిన మెకానిక్కు. అల్లుడు ప్లాట్లు అమ్మించే బ్రోకరు. దిగే బండిని చూసే పార్టీ మర్యాద ఇస్తుందని అతని నమ్మకం. అందులో నిజం లేదని నేనూ అనలేను.

ఒకరోజు అతనికి తొమ్మిదేళ్ల జర్మన్ డీజిల్ సెడాన్ ఒకటి తగిలింది. ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. గడువు దగ్గరపడ్డ పెద్ద బండ్లు అగ్గువకు మన వైపు రావడం అప్పటి నుంచి మామూలైంది. కొత్తప్పుడు యాభై లక్షలు పలికిన బండి, ఇప్పుడు పదకొండు.

"మామా, ఎట్లుంది?"

మామ బానెట్ మీద చెయ్యి ఆనించాడు. వెచ్చగా తగిలింది. "మనమొస్తున్నమని ముందే స్టార్ట్ చేసి పెట్టిండు. చల్లటి ఇంజన్ ఎట్ల అందుకుంటదో మనకు కానరావద్దని" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత అమ్మేవాణ్ని అడిగింది ఒక్కటే: "సర్వీసు బిల్లుల ఫైలేది?"

అమ్మేవాడు రెండో తాళంచెవి చూపించాడు. కొత్త సీటు కవర్లు చూపించాడు. మీటర్లో అరవై రెండు వేల కిలోమీటర్లు చూపించాడు. ఫైలు మాత్రం తియ్యలేదు. బ్రేకు పెడల్ మీది రబ్బరు గీతల్లేకుండా నున్నగా అరిగిపోయి ఉంది. అరవై వేలకు అట్లా అరగదు.

"వద్దు బిడ్డా" అన్నాడు మామ. అల్లుడు కొన్నాడు.

బండి తిరిగేది ఎంత దూరం? ఇంటి నుంచి ముషీరాబాద్, అక్కణ్నుంచి ప్యారడైజ్, మళ్లీ ఇల్లు. అదీ ట్రాఫిక్‌లో పాక్కుంటూ. పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఆ బండి సైలెన్సర్ దారిలో ఉంది. ఆ మసి కాలిపోవాలంటే లోపల ఆరు వందల డిగ్రీల దాకా వేడి పుట్టాలి, బండి హైవే మీద ఒక్క ఊపున కొంతసేపు పోవాలి. గల్లీల్లో ఆ పని మొదలవుతుంది, ఇంజన్ ఆపెయ్యగానే సగంలో ఆగిపోతుంది. మసి కాల్చడానికని అదనంగా కొట్టిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. నాలుగో నెలలో మామ గేజ్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడం పోయి పెరిగి ఉంది! పల్చగా, డీజిల్ వాసనతో. ఆ వారమే ట్యాంక్‌బండ్ మీద ఎర్ర లైటు వెలిగి బండి వేగం అందుకోని లింప్ మోడ్‌లో పడింది, ఆటోలు హారన్ కొడుతూ దాటిపోయాయి.

డీపీఎఫ్ తర్వాత ఈజీఆర్ వాల్వు, దాని తర్వాత ఇంజెక్టర్లు. ఎస్టిమేట్ చూసి అల్లుడు, "పదకొండు లక్షల బండికి ఇంత రేటా!" అని అరిచాడు.

"బండికి వయసైంది గని పార్టుకు కాలేదుర. నువ్వు ఎంతకన్న కొను, యాభై లక్షల బండి పార్టే దానికి పడ్తది" అన్నాడు మామ. అని, మూల మీది బావి వైపు చూపించాడు. "దీన్ని కట్టినోడు గట్టిగనే కట్టిండు. నలభై ఏండ్లు ఎవ్వడు పట్టించుకోలే, చెత్తతోని నిండింది. లారీలకు లారీలు ఎత్తిపోస్తెగని 2022 డిసెంబర్‌ల మళ్ల తెరవలే."

అల్లుడు రిపేరు చేయించాడు. తిట్టుకుంటూనే ప్రతి బిల్లూ డ్యాష్‌బోర్డు అరలో కుక్కాడు. ఏడాది తిరిగాక విసిగి అమ్మకానికి పెట్టాడు. మొదట వచ్చిన కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి ఫొటోలు దిగాడు, బిల్లుల కట్ట చూడగానే "ఇన్ని రిపేర్లా" అని జారుకున్నాడు. రెండోసారి వచ్చిన పెద్దాయన ఆ కట్టనే ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నెలకు రెండుసార్లు విజయవాడ పోయే మనిషి. ఒక్కొక్క బిల్లు తేదీ, కిలోమీటర్లు చదివి, చివరికి అడిగిన రేటే ఇచ్చాడు.

నీతి: పాత బండి కొంటున్నామంటే ముందటి ఓనరు దాన్ని చూసుకున్న తీరును కొంటున్నామన్న మాట. రిపేరు బిల్లులున్న బండిని చూసి భయపడొద్దు. తొమ్మిదేళ్లలో ఒక్క బిల్లూ లేని డీజిల్ బండిని చూసి భయపడాలి. ఆ ఖర్చు తప్పిపోలేదు, మీ కోసం ఎదురుచూస్తోంది.

కాబట్టి ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత చరిత్ర అడగండి. స్కానర్ పెట్టించండి, చాలా బండ్లలో మీటరు తిప్పినా కిలోమీటర్ల లెక్క వేరే చోట దాగి ఉంటుంది. రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగేవాళ్లు పెట్రోలు బండి చూసుకోవడం మేలు, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిళ్లకూ ఈ ఫిల్టరు బాధ ఉన్నదే. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ ఉందా, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్టీఏలో కనుక్కోండి.