పిల్లనగ్రోవి ఎవరి చేతికివ్వాలి?



డిసెంబరు వచ్చిందంటే మన బడుల్లో పాఠాలు వెనక్కి పోయి పాటలు ముందుకు వస్తాయి. వార్షికోత్సవమనీ, క్రిస్మస్ కార్యక్రమమనీ మధ్యాహ్నం నుంచి తరగతి గదులు సగం ఖాళీ అవుతాయి. ఎంపికైన పిల్లలు మైదానంలో రిహార్సలు చేస్తుంటారు. ఎంపిక కాని పిల్లలు కిటికీ ఊచలు పట్టుకొని చూస్తుంటారు. ఆ కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లలకు నేనొక బాకీ ఉన్నాను. ఈ వారం దాన్ని గూర్చి రాస్తాను.

2019లో నేను హైదరాబాదు పాతబస్తీలో ఒక బడికి కరస్పాండెంటుగా ఉండేవాణ్ణి. బడి పేరు ఇక్కడ అక్కరలేదు, తప్పు నాది. మూడో తరగతిలో నలభై మందికి పైగా పిల్లలు. సగం మంది ఇళ్లలో ఉర్దూ, తక్కిన వారిలో కొందరికి తెలుగు, కొందరికి మరాఠీ, ఇద్దరు ముగ్గురికి కన్నడం. పుస్తకాలేమో ఇంగ్లీషు. పైగా 2018లో వచ్చిన చట్టంతో రాష్ట్రంలోని బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి చేస్తూ వచ్చారు. ఎనిమిదేళ్ల బిడ్డ ఒక భాషలో ఆకలి చెప్పుకొని, ఇంకో భాషలో లెక్కలు చేసి, మూడో భాషలో పద్యం అప్పజెప్పాలి. అట్టి తరగతిలో చాలామంది మౌనంగా ఉండటంలో ఆశ్చర్యమేముంది?

ఆ తరగతి టీచరమ్మ తెలివైన మనిషి. నీటిని గూర్చిన పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి, మూసీ వరద కథ చెప్పింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. తల్లిని, భార్యను, కూతురిని ఆ నీళ్లలోనే పోగొట్టుకొని బతికి బయటపడ్డ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కథ కూడా చెప్పింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఒక శనివారం టీచరమ్మ పిల్లల్ని వరుసగా నడిపించుకొని మదీనా మీదుగా నయాపూల్ దాటించి ఆ చెట్టును చూపించింది. వంతెన మీద ఆగి కిందికి చూసిన ఒక పిల్లవాడు, "టీచర్, ఈ మురికి కాలువేనా ఊరిని ముంచింది?" అన్నాడట. వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా తీసుకోవడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధం కావడం, ఇవన్నీ ఆ ప్రశ్నకు జవాబుగానే ఆమె చెప్పుకొచ్చింది.

తిరిగి వచ్చాక ఆ కథనే నాటికగా ఆడించింది. మాటలు రాసివ్వలేదు. పిల్లలే అనుకున్నారు, ఎవరి భాషలో వారు. బెంచీలు ఒకదాని పక్కన ఒకటి చేర్చితే చెట్టు. రోజుకొకరు నిజాం నవాబు. తలపాగా ఉంటుంది కనుక మీర్ మహబూబ్ అలీఖాన్ పాత్రకు అందరూ ఎగబడేవారు. ఉర్దూ పిల్లలు చెట్టు మీంచి "చెయ్యి ఇయ్యి, చెయ్యి ఇయ్యి" అని తెలుగులో అరవడం నేను వరండాలోంచి విన్నాను. ఆ తరగతిలో ఒక పాపకు నత్తి. ప్రశ్న అడిగితే కళ్లు మూసుకొని మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. అందరితో కలిసి అరిచేటప్పుడు మాత్రం ఆ నత్తి కనబడేది కాదు. నత్తి ఉన్నవారికి గుంపుతో కలిసి పలికినప్పుడు, పాడినప్పుడు మాట తేలికవుతుందని నాకు తర్వాత తెలిసింది.

ఆ నాటిక బాగుందని విని దాన్ని వార్షికోత్సవంలో పెట్టమన్నది నేనే. అక్కడితో ఊరుకోక, పన్నెండు మంది చాలునన్నాను. వేదిక చిన్నది, ముఖ్య అతిథికి తీరిక తక్కువ, మాట స్పష్టంగా పలికేవారినే ఎంచమన్నాను. టీచరమ్మ, "ఫాదర్, అందర్నీ చెట్టెక్కిస్తేనో?" అని అడిగింది. "చూసేవారికి గందరగోళంగా ఉంటుందమ్మా" అన్నాను. అట్ట మీద గీసిన చెట్టొకటి వచ్చింది. అద్దె దుస్తులు వచ్చాయి. పాప పేరు జాబితాలో లేదు.

రెండు రోజులకు వాళ్ల నాయన వచ్చాడు. మదీనా దగ్గర బట్టల దుకాణంలో పనిచేసే మనిషి. కోపంగా రాలేదు. చేతులు కట్టుకొని నిలబడి, "ఫాదరూ, మా బిడ్డకు అందరి మాటలొస్తయి. ఇంట్ల నవాబూ అదే, నీళ్లల్ల కొట్టుకపోయేటోళ్లూ అదే. స్టేజి మీదికి ఎందుకు పనికిరాదో జర చెప్పుండ్రి" అన్నాడు. నేను ఏమన్నానో మీరు ఊహించగలరు. వచ్చే ఏడు చూద్దామన్నాను. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ వచ్చే ఏడు రాలేదు.

ఆ రాత్రి నన్ను నేను సమర్థించుకోవడానికి గురువిద్యాలయంలో చదివిన తత్త్వశాస్త్రమే అక్కరకొచ్చింది. అరిస్టాటిలు 'రాజనీతి' గ్రంథం మూడో భాగంలో ఒక ప్రశ్న వేస్తాడు. మంచి పిల్లనగ్రోవులు ఉంటే ఎవరికివ్వాలి? గొప్పింటి వారికా, అందగాళ్లకా? కాదు, బాగా ఊదగలిగిన వారికే. వస్తువు దేనికోసం ఉన్నదో ఆ పని చేయగలవారికే అది చెందాలి, అదే న్యాయమంటాడు. ఎంత స్పష్టమైన మాట! వేదిక చూపించడానికి ఉన్నది కనుక బాగా చూపించగలవారికే వేదిక. నిద్రపట్టింది.

అయితే అదే అరిస్టాటిలు 'నీతిశాస్త్రం' రెండో భాగంలో ఇంకో మాటన్నాడు. ఇల్లు కడుతూ కడుతూ మనిషి మేస్త్రీ అవుతాడు, వీణ వాయిస్తూ వాయిస్తూ వైణికుడవుతాడు, అట్లాగే న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ న్యాయవంతుడవుతాడు అని. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాని ప్రకారం రానివారికి పిల్లనగ్రోవి ఇవ్వకూడదు. రెండోదాని ప్రకారం ఇవ్వనిదే రాదు. ఆయన తడబడ్డాడా? లేదు. మొదటిది నేర్చుకోవడం ముగించినవారి సంగతి, రెండోది నేర్చుకుంటున్నవారి సంగతి. నేను చేసిన పొరపాటు ఏమిటంటే, మూడో తరగతి గదిని కచేరీ మందిరమనుకున్నాను. అక్కడ వేదిక బిడ్డకు మాట రావడం కోసం ఉన్నది. ఆ ప్రయోజనాన్ని బట్టి చూస్తే, అరిస్టాటిలు మొదటి సూత్రమే పట్టుకున్నా, ఆ వేదిక మీద అందరికంటె ముందు చోటు నత్తి ఉన్న పాపదే కావలసి వచ్చేది!

'రాజనీతి' చివరి భాగంలో పిల్లల సంగీతాన్ని గూర్చే ఆయన చాలా రాశాడు. పిల్లలు స్వయంగా పాడాలి, వాయించాలి, లేకపోతే మంచిచెడ్డలు ఎంచే చెవి రాదు. కాని పోటీల కోసం, జనం వినోదం కోసం చేసే సాధన వద్దు. పసివాళ్లకు గిలక్కాయ ఇచ్చినట్టు, ఎదిగే పిల్లలకు విద్యే గిలక్కాయ అంటాడు. (అసలు పిల్లనగ్రోవే బడిలో వద్దన్నాడు, ఆవేశం పెంచుతుందట. మహానుభావుడు మన స్కూల్ బ్యాండు వినలేదు.) అన్నిటికంటె నన్ను పట్టుకున్నది ఒక్క మాట: ఒకే పనిని ఎవరి కోసం చేస్తున్నామన్న దాన్ని బట్టి దాని స్వభావం మారిపోతుంది. తన ఎదుగుదల కోసం చేస్తే స్వేచ్ఛ, పరుల అవసరానికి చేస్తే ఊడిగం.

ఈ మాట పాతబస్తీలో ఊరికే పోదు. 2015 జనవరిలో భవానీనగర్ ప్రాంతంలో గాజుల తయారీ గదుల నుంచి రెండు వందలకు పైగా పిల్లల్ని పోలీసులు విడిపించారు. చాలామంది బీహారు నుంచి తెచ్చినవాళ్లు. మా టీచరమ్మ అదే గాజులతో తరగతిలో లాడ్‌బజార్ పెట్టించి డజన్ల లెక్క నేర్పేది. పిల్లలు దక్కనీలో బేరమాడి, ఇంగ్లీషులో పద్దు రాసేవారు. గాజులు అవే, వేళ్లు ఆ వయసువే. స్కూలు అనే మాట గ్రీకులో తీరిక అనే అర్థం గల మాట నుంచి పుట్టింది. ఆ గదుల్లో పిల్లలకు దక్కనిది అదే. ఆ ఘోరాన్నీ మన రిహార్సళ్లనూ ఒకే త్రాసులో వేయడం లేదు. కాని ముఖ్య అతిథి మెప్పు కోసం, వచ్చే ఏటి అడ్మిషన్ల కోసం పిల్లల్ని కాళ్లు నొప్పెట్టేదాకా ఎగిరించేటప్పుడు, ఈ ఆట ఎవరి కోసమని అడుగుకోవడం మంచిది.

పునీత అగస్టీనుగారు కూడా ఒకప్పుడు బడి వేదికెక్కినవారే. తన 'కన్ఫెషన్స్' మొదటి భాగంలో ఆ జ్ఞాపకం రాసుకున్నారు. ట్రోయ్ వీరుణ్ణి ఆపలేక మండిపడే జూనో దేవత మాటల్ని ఆ కోపం ఉట్టిపడేటట్లు సొంత వాక్యాల్లో చెప్పాలి. నెగ్గితే చప్పట్లు, ఓడితే సిగ్గు, పైగా దెబ్బలు. ఆయన నెగ్గారు, తోటివారికంటె ఎక్కువ చప్పట్లు పొందారు. పెద్దయ్యాక వెనుదిరిగి చూసుకొని అదంతా పొగ, గాలి అన్నారు. అక్కడే కొంచెం ముందు ఇంకో సంగతి ఉంది. దెబ్బల భయంతో నేర్పిన గ్రీకు ఆయనకు చేదయింది. దాదుల ముద్దుమాటల మధ్య, ఆటల మధ్య విన్న లాటిను మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం కూడా భయం లేకుండా, చేతలతో నేర్పమనే చెప్పింది. పదహారు వందల ఏళ్ల కిందట హిప్పో నగర మేత్రాణులు తన అనుభవంతో రాసిన మాటే అది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. బాగా ఆడే పిల్ల, బాగా పాడే పిల్లవాడు ఏమి పాపం చేశారు? ప్రతిభ దేవుడిచ్చిన వరం కాదా, దాన్ని అణచడం సమానత్వమా? కాదు. వారికి సంగీతం మాస్టారుంటారు, పై తరగతుల్లో పోటీలుంటాయి, ఉండాలి కూడా. నా అభ్యంతరమల్లా ఏడెనిమిదేళ్లకే ఎంపిక ముగించేయడం మీద. ఆ వయసులో మనం ప్రతిభ అనుకునేది చాలాసార్లు ఇంట్లో డబ్బు, ఇంట్లో ఇంగ్లీషు, లేదా ఒంటి రంగు. మన విచారణల్లోనే చూడండి. క్రిస్మస్ నాటికలో మరియమాత పాత్రకు ఏటా ఎవరిని ఎంచుతాం? తెల్లగా ఉన్న పిల్లను. నల్లగా ఉన్న పిల్ల గొర్రెల కాపరుల్లో వెనక నిలబడుతుంది. నజరేతు పల్లెపిల్ల ఏ రంగులో ఉండేదో ఎవరూ ఆలోచించరు. ఇది చేసేది ఏ పరాయి యాజమాన్యమో కాదు, మనమే. దుస్తుల అద్దె కట్టలేక "మా వాడికి జ్వరం" అని చీటీ పంపే తల్లులు మీ వీధిలోనూ ఉంటారు.

2022 డిసెంబరులో అదే టీచరమ్మ మూడో తరగతితో అదే నాటిక వేయించింది. ఈసారి వేదిక లేదు, మైకు లేదు, ముఖ్య అతిథి లేడు. తరగతి గదిలోనే బెంచీలన్నీ కలిపారు, పిల్లలందరూ ఎక్కారు. తల్లిదండ్రులు వరండాలో, తలుపు దగ్గర కిక్కిరిసి నిలబడ్డారు. నేను అన్నట్టే గందరగోళంగా ఉంది. ఒక పిల్లవాడు మాట మరిచిపోతే పక్కవాడు అందించాడు, మరచినవాడు "నాకు తెలుసులే" అని వాణ్ణి మోచేత్తో పొడిచాడు. వరద మధ్యలో ఇద్దరు నవ్వారు. ఒక తల్లి నా దగ్గరికొచ్చి, తన కూతురు డాన్సు నేర్చుకుంటున్నదనీ ఇట్లయితే దాని విద్య ఎవరికి కనబడుతుందనీ నిష్ఠూరమాడింది. ఆమెకు నేను చెప్పిన జవాబు ఆమెకు నచ్చలేదు.

నత్తి ఉన్న పాప అప్పటికి ఆరో తరగతి, వేరే బడిలో. ఆ సంక్రాంతి ముందు మదీనా దగ్గర వాళ్ల నాయన కనిపిస్తే, బిడ్డ ఎట్లా ఉన్నదని అడిగాను. భుజం మీది బట్టల మూట దించకుండానే నవ్వి, "మంచిగనే చదువుతది ఫాదరూ" అన్నాడు. కొంచెం ఆగి, "స్టేజి అంటే మాత్రం పోదు" అన్నాడు.