బేరములో ధర్మము

వర్తకుడు లాభము గొనుట తప్పా? కాదు. సరుకు నిలువచేయుటలో, దూరప్రాంతములకు పంపుటలో, చిల్లర వర్తకులకు అరువిచ్చుటలో శ్రమయు నష్టభయమును కలవు. వాటికి ప్రతిఫలము పొందుట కాయకమే. అయినను ప్రతి లాభమును ఇట్టిదేనా?

తాడేపల్లిగూడెపు ఉల్లి మార్కెట్టు ప్రసిద్ధమైనది. కర్నూలు సీమ నుండియు, మహారాష్ట్రము నుండియు ఇచటికి లారీలు వచ్చును. తడిసిన ఉల్లి త్వరగా కుళ్ళును. లారీ కిరాయి భరించి వచ్చిన రైతు, ధర నచ్చలేదని బస్తాలను తిరిగి తీసికొనిపోజాలడు. ఎచటనైనను అమ్మువారు పలువురై, కొనువారు కొలదిమందియై, వారును ముందే ఒకమాట అనుకొన్నచో, వేలముపాట పేరునకే మిగులును.

సమీపమున గల కొల్లేటి ప్రాంతపు చేపల చెరువుల విషయమును ఇట్టిదే. మేతకు అప్పిచ్చిన వానికే చేపలను అమ్మవలసి వచ్చినచో, ఆ రైతు వడ్డీతోపాటు బేరమాడు స్వేచ్ఛను కూడ చెల్లించుచున్నాడు.

1966 నాటి మార్కెట్ల చట్టము లైసెన్సులను, మార్కెట్ కమిటీలను ఏర్పరచినది. 2016లో ఆరంభమైన ఈ-నామ్ దూరపు కొనుగోలుదారునకును పాటలో చోటు కల్పించినది. ఇవి మేలైన పనులే. కాని చట్టము పాట జరిపింపగలదు. కొనువారి మనస్సులలోని ఒప్పందమును చూడజాలదు.

కావున వర్తకుడు తన్ను తానే ప్రశ్నించుకొనవలెను: “ఈ రైతు సరుకుతో తిరిగిపోగలవాడైనచో, నేనిదే ధర చెప్పుదునా?” చెప్పుదునన్నచో, వచ్చిన లాభము సేవకు ఫలము. చెప్పనన్నచో, అది ఎదుటివాని నిస్సహాయత నుండి పిండుకొన్న సొమ్ము. దానితో ఎంతటి దాసోహము జరిపినను, ఆ రైతు బాకీ తీరదు.