విశ్రాంతి ఎవరి వంతు?

మొన్న ఆదివారం మా అక్క కూతురు కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. దాని పెళ్లయి వచ్చే నెలకు రెండేళ్లు. కొడుక్కి పది నెలలు. ఈ పది నెలల్లో ఒక్క రాత్రి కూడా తెల్లవారేదాకా కన్ను మూసిన గుర్తు లేదట.

“చిన్నమ్మా, పెళ్లిరోజుకు రెండు రోజులు ఎటన్నా పోదామనుకుంటున్నం. ఆదిలాబాద్ దిక్కు. కుంతల చూసి, రాత్రికి జన్నారంల ఉందామని. జర రిలాక్స్ కావాలె. ఏమంటవు?” అంది.

“మరి బాబు?” అన్నాను.

“వాణ్ణి తీసుకపోతం. మా అత్తమ్మ గూడ వస్తది. ఆమె ఉంటే వాణ్ణి చూసుకుంటది, ఇగ మాకు రంది లేదు.”

“మంచిదే, వెళ్లి రండి” అనవలసిన చోట నా నోరు పెగల్లేదు. “రేపు మాట్లాడతానే” అని పెట్టేశాను. పిల్ల చిన్నబుచ్చుకునే ఉంటుంది. కానీ ఆ చివరి మాట వినగానే నాకు ఇరవై ఏళ్లనాటి ఒక మధ్యాహ్నం గుర్తుకొచ్చింది.

అది 2005 శ్రావణం. మా పెళ్లయి రెండేళ్లు. పాపకు తొమ్మిది నెలలు. అప్పటికి ఆదిలాబాద్ ఇంకా ఒకటే జిల్లా. నాలుగు జిల్లాలయింది 2016లో. మావారు కరీంనగర్‌లో ఒక సుమో మాట్లాడారు. మా ఇద్దరి బట్టలు ఒక చిన్న సంచిలో సరిపోయాయి. ఆ జానెడు మనిషి సామానుకు మాత్రం మూడు సంచులు కావలసి వచ్చాయి. పాలసీసాలు, ఫ్లాస్కు, ఉగ్గుగిన్నె, పక్కబట్టలు, దోమతెర, గ్రైప్ వాటర్! “మనం విశ్రాంతికి పోతున్నామా, కాపురం మారుస్తున్నామా?” అన్నారు మావారు.

“నేనెందుకు బిడ్డా, మీరు పోయి రాండ్రి” అంది మా అత్తమ్మ.

“మీరు రాకపోతే పిల్లనెవరు చూస్తారత్తమ్మా?” అన్నాను నేను.

చూశారా, నోరు జారి నిజం చెప్పేశాను! కుంతల చూద్దురుగాని రండి అనలేదు. ఆమె మాత్రం ఇంకేమీ అనకుండా పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, అక్కడ పెద్ద రోడ్డెక్కి, గోదావరి దాటి నిర్మల్‌లో ఆగాం. పాపకు పొనికి కర్రతో చేసిన చిలక బొమ్మ కొన్నాను. అది వెంటనే చిలక ముక్కును నోట్లో పెట్టుకుంది. దారి పొడుగునా ఆ ముక్కును పాప నోట్లోంచి తీయడమే మా అత్తమ్మకు పనయింది. నేరడిగొండ దగ్గర పెద్ద రోడ్డు దిగి, టేకుచెట్ల మధ్య నుంచి వెళ్లి కుంతల చేరేసరికి పాప నిద్రపోయింది. జలపాతం కిందికి వందల మెట్లు. వాన పడి తడిసి ఉన్నాయి.

“పిల్ల పండుకున్నది. తడి మెట్లు, ఎత్తుకొని దిగుడు మంచిది కాదు. మీరు పోయి రాండ్రి, నేనీడ కూసుంట” అంది మా అత్తమ్మ.

మేం దిగాం. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి రాళ్ల మీద మెట్లుమెట్లుగా విరిగి పడుతోంది. తుంపర మొహాన కొడుతుంటే ఒక బండ మీద ఇద్దరం కూర్చున్నాం. పాప పుట్టాక నా రెండు చేతులూ ఖాళీగా ఉన్న మొదటి గంట అది. అబద్ధమెందుకు, ఆ గంట నాకు స్వర్గంలా అనిపించింది. ఇవాళ్టికీ అది తప్పని అనుకోను.

పైకి వచ్చాక మా అత్తమ్మ, “ఎట్లున్నది బిడ్డా?” అని అడిగింది.

“ఎంత బాగుందో అత్తమ్మా! మీరూ చూస్తే బాగుండేది” అన్నాను. ‘ఇప్పుడు మీరు వెళ్లండి, మీ అబ్బాయి చెయ్యి పట్టుకుని దింపుతారు, పాప దగ్గర నేను కూర్చుంటాను’ అనలేదు. ఆ ఆలోచనే రాలేదు. మబ్బు పడుతోందని డ్రైవరు తొందరపెట్టాడు. బయల్దేరిపోయాం. కారులో ఆమే అంది, “నాకు చప్పుడు ఇనొచ్చింది తియ్యి.” నిష్ఠూరంగా అనలేదు. నాకేదో ఊరట చెప్పినట్టే అంది.

మా అత్తమ్మ 2014లో పోయింది. కుంతలకు మళ్లీ వెళ్లలేదు. ఆ ఆల్బంలో జలపాతం ముందు మా ఇద్దరి ఫోటోలు తొమ్మిది ఉన్నాయి. ఆమె మాత్రం ఒక్కదానిలోనూ లేదు.

“దానికేముంది? పెద్దవాళ్లకు మనవలతో ఉండడమే సంతోషం” అంటారు అందరూ. నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. అది అబద్ధమూ కాదు. పాప ఆమె ప్రాణం. కానీ, ప్రేమ ఉన్నంత మాత్రాన అది పని కాకుండా పోతుందా? ఒకరికి ఇష్టమని మనమే తేల్చేసి, వాళ్లను అడగకుండా పని అప్పజెప్పడం ధర్మమేనా?

అన్నట్టు, కుంతలకు ఆ పేరు శకుంతల వల్ల వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. దుష్యంతుడి శకుంతలే. ఈ నీళ్లలో స్నానం చేసేదట. స్థలపురాణాలకు సాక్ష్యాలు అడగకూడదు గానీ, ఆ కథను ఆ చోట తలచుకుంటే నాకు వేరే సంగతి తోస్తుంది. దుష్యంతుడు అడవికి వచ్చింది వేటకు. అంటే, మన మాటలో చెప్పాలంటే, నాలుగు రోజులు సరదాగా గడపడానికి. గడిపి వెళ్లిపోయాడు. పిల్లవాడి బరువు శకుంతలకు మిగిలింది. అసలు శకుంతల కూడా మేనక వదిలి వెళ్లిన పసికందే. శకుంతాలు, అంటే పక్షులు, కాపలా కాశాయి కాబట్టి ఆమెకా పేరు వచ్చింది. కణ్వుడు ఎత్తుకుని పెంచాడు. తల్లిదండ్రులు లేనప్పుడు ఎవరో ఒకరు కూర్చోవలసిందే. పక్షులైనా సరే.

బి.ఏ.లో మాకు ఈ కథ రెండు రకాలుగా చెప్పారు. కాళిదాసు నాటకంలో దూర్వాసుడి శాపం ఉంది, ఉంగరం ఉంది. రాజు పాపం నిజంగానే మరిచిపోతాడు. భారతంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. అన్నీ గుర్తుండే, నలుగురూ ఏమంటారోనని ఆమెనెరగనంటాడు. రాజుగారి మరుపుకు కాళిదాసు ఒక అందమైన సాకు కల్పించాడన్నమాట. ‘పెద్దవాళ్లకు మనవలతో ఉండడమే సంతోషం’ అనే మాట కూడా నాకు అలాంటి ఉంగరంలాగే కనిపిస్తుంది. అది దొరికితే చాలు, మన మరుపుకు మనం బాధ్యులం కాము.

ఇంత చెప్పి, పిల్లలు పుట్టాక తల్లికి సరదాలేమిటి, ఇంట్లో కూర్చోమంటున్నానని అనుకోకండి. ఆ ధోరణి నాకు ఒంటికి పడదు. నిద్రలేని తల్లికి విశ్రాంతి కావాలి. అది విలాసం కాదు, అవసరం. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక హక్కులే అంటుంది. మన దేశంలో 1952 నాటి గనుల చట్టం గని కార్మికుడి చేత వారంలో ఆరు రోజులకు మించి పని చేయించకూడదని చెప్పింది. తల్లికి ఏడో రోజు ఏది? ఏ చట్టం ఇస్తుంది?

గనుల మాట నాకు పుట్టింటి మాట. నేను పెరిగింది గోదావరిఖనిలో. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవాడు. ఆ వారమంతా మా అమ్మ ఇంట్లో చెంచా కింద పడనిచ్చేది కాదు. మమ్మల్ని వాడకు తరిమేది, కూరలమ్మి కేకేయబోతే గడప దగ్గరికి పరుగెత్తి నోటి మీద వేలు పెట్టేది. నాన్న నిద్ర వెనక అమ్మ కాపలా ఉందని నాకప్పుడు తెలియదు. నాన్నకు తెలుసో లేదో! గనిలో ఒక షిఫ్టు దిగితే ఇంకో షిఫ్టు ఎక్కుతుంది, మస్టర్‌లో పేరు పడుతుంది. ఇంట్లో కాపలా కాసేవాళ్ల పేరు పడే మస్టర్ ఉండదు.

కొంతవరకు లెక్క కట్టారు కూడా. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. ఇంట్లోవాళ్లను చూసుకునే పనికి ఆడవాళ్లవి 134 నిమిషాలు, మగవాళ్లవి 76. ఇది ఆ పనులు చేసేవాళ్ల సగటు మాత్రమే సుమండీ! అసలు చెయ్యి వేయని మహానుభావులు ఈ లెక్కలోకి రానే రారు. సరే, నిద్రపోతున్న పాప పక్కన మా అత్తమ్మ కూర్చున్న ఆ గంటను ఏ పద్దులో రాయాలి? చూసేవాళ్లకు ఆమె కూడా విశ్రాంతి తీసుకుంటున్నట్టే కనిపించి ఉంటుంది.

కాబట్టి నాకు తోచినదేమిటంటే, పసిపిల్ల ఉన్న ఇంట్లో విశ్రాంతి ఊరికే దొరికే వస్తువు కాదు. ఒకరు ఇస్తేనే ఇంకొకరికి వస్తుంది. తీసుకోవడం తప్పు కాదు. ఎవరిచ్చారో చూడకపోవడం, తిరిగి ఇవ్వాలని తోచకపోవడం తప్పు.

మర్నాడు నేనే ఫోన్ చేశాను.

“మీ అత్తమ్మను అడిగినవానే?”

“వస్తనన్నది చిన్నమ్మా.”

“వస్తనన్నదా, నువ్వు రమ్మన్నవా?”

అటునుంచి చప్పుడు లేదు. అప్పుడు దానికి 2005 నాటి సంగతంతా చెప్పాను. మీ అత్తమ్మను అడుగు, ఆమెను మెల్లగా దింపి ముందు ఆమెకే జలపాతం చూపించు అని పాఠం కూడా చెప్పాను. పెద్ద పరిష్కారం కనిపెట్టినట్టు నాకు నేను సంబరపడ్డాను.

సాయంత్రం అదే మళ్లీ చేసింది. నవ్వుతోంది. “అడిగిన చిన్నమ్మా. ఆమెకు జలపాతం వద్దట. మోకాళ్లు నొస్తున్నయట. ‘మీరు ముగ్గురు పోండ్రి బిడ్డా. నాకు గూడ రెండు రోజులు రెస్టియ్యుండ్రి. పది నెలల సంది నేను గూడ సరిగ్గ పండుకోలే’ అన్నది.”

నా పాఠం అక్కడే గాలికి పోయింది! ఆమెకేం కావాలో నేను కూడా అడగకుండానే తేల్చేశాను చూడండి. ఇరవై ఏళ్లు పశ్చాత్తాపపడ్డా మనిషికి బుద్ధి పూర్తిగా రాదు.

“మరిప్పుడు మేం రిలాక్స్ అయ్యేదెట్ల? వాడొక్క నిమిషం ఊకుండడు” అంది పిల్ల.

“వంతులు వేసుకోండి” అన్నాను. “నాలుగు చోట్లు తిరక్కండి. కుంతల దగ్గర ముందు నువ్వు దిగు, మీ ఆయన పైన బాబుతో కూర్చుంటాడు. తర్వాత అతను దిగుతాడు. జన్నారంలో ఒక పొద్దున నువ్వు ఎంతసేపు పడుకుంటే అంతసేపు పడుకో, బాబు అతని డ్యూటీ. రెండో పొద్దున అతను పడుకుంటాడు.”

“గట్లయితే ఇద్దరం కలిసి ఉండేదెప్పుడు చిన్నమ్మా? పెళ్లిరోజు గదా!”

మంచి ప్రశ్నే. పెళ్లిరోజంటే ఇద్దరూ కలిసి ఒకే నీళ్లను చూడాలని ఉంటుంది. మేమలాగే చూశాం. అందుకు మూడో మనిషి చూపును తీసుకున్నాం. “వాడు నిద్రపోయాక కలిసి ఉండండి” అన్నాను. “వాపసు వచ్చేటప్పుడు కడెం ప్రాజెక్టు దగ్గర ఆగండి. కుంతలలో దూకిన వాగే అక్కడికొచ్చి చెరువులాగా నిలుస్తుంది. మెట్లు దిగనక్కర్లేదు. వాణ్ణి ఒళ్లో వేసుకుని ఇద్దరూ కూర్చోవచ్చు. నువ్వు చూసిన జలపాతం అతనికి చెప్పు, అతను చూసింది నువ్వు విను.”

పిల్ల ఏమనుకుందో తెలియదు. “సరే చూస్తం” అంది. ఆ “చూస్తం”లో సగం ఒప్పుకోలు, సగం అనుమానం. అల్లుడు బాబుతో రెండు గంటలు పైన కూర్చుంటాడో, పది నిమిషాలకే ఫోన్ చేసి పిలుస్తాడో అది వచ్చి చెప్పాలి.

మా పెళ్లిరోజు కూడా ఆ నెలలోనే. పాప ఇప్పుడు హాస్టల్‌లో ఉంది. సంచులు మొయ్యక్కర్లేదు. “మళ్లీ ఒకసారి కుంతలకు వెళ్దామా?” అని మావారిని అడిగాను. “ఇప్పుడా మెట్లు దిగగలవా?” అన్నారు.

“దిగను. మీరు వెళ్లి చూసి రండి. నేను పైనే కూర్చుంటాను” అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ పైన కూర్చుంటే చప్పుడు ఎంత వినిపిస్తుందో ఒకసారి వినాలని ఉంది.