ప్రాయశ్చిత్తం ఎరుగని జ్ఞాపకం

ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవారి పేరును అంతర్జాలంలో వెతికి చూడటం సంస్థలకు పరిపాటి అయింది. కనుక పదిహేడేళ్ల వయసులో ఆవేశంతో రాసిన వ్యాఖ్యను ఉద్యోగం వెతుక్కునే నాడు తొలగించుకోవడం మోసమా, ధర్మసమ్మతమా అన్నది నేడు నీతిశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న. మనిషిని గురించి లోకం దాచుకునే జ్ఞాపకానికి జవాబుదారు ఎవరన్నదే దీనికి మూలం; ఈ విషయంలో మేడారం సంప్రదాయం నేర్పేది చాలా ఉంది.

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క, సారలమ్మ దేవతల జాతరలో విగ్రహాలు లేవు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో చిలకలగుట్ట నుంచి కోయ పూజారులైన వడ్డెలు గద్దెకు తెస్తారు. బంగారమని పిలుచుకునే బెల్లాన్ని భక్తులు సమర్పిస్తారు. నాలుగో రోజున దేవతలు వనప్రవేశం చేస్తారు. కరువు కాలంలో కప్పం కట్టలేకపోయిన కోయలపైకి కాకతీయ సైన్యం వచ్చినప్పుడు ఎదిరించి ఒరిగినవారి గాథ ఈ జాతరకు మూలం. రాజుల కీర్తిని శాసనాలు నిలిపితే, రాజు దృష్టిలో ధిక్కారులైన వీరి పేరును డోలీలనే కోయ గాయకులు, పడిగె అనే బొమ్మల గుడ్డను ఎదుట పెట్టుకొని, పాటలో నిలిపారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య ఆ గాథను పాడినవాడే. ఈ జ్ఞాపకాన్ని మోసేవారెవరో అందరికీ తెలుసు. పాట దారి తప్పితే అడగగలవారు ఎదుటే కూర్చొని ఉంటారు.

అంతర్జాలానికి అటువంటి మోసేవారు లేరు. 2022 మార్చిలో ఒక ఆధ్యాత్మిక గురువు పాత ప్రసంగంలో సమ్మక్క సారలమ్మలను ప్రస్తావించిన భాగం విస్తృతంగా ప్రచారమై, భక్తులు అవమానంగా భావించి నిరసించగా, తన మాటలను ముందువెనుకలు తీసేసి చూపారని ఆయన వివరణ ఇచ్చుకున్నారు. ఆ వివాదంలో న్యాయం ఎటున్నా, ఆయనకు వివరణ చెప్పుకునే వేదిక దొరికింది, నిరసించినవారికీ దొరికింది. ఉద్యోగం కోసం తిరిగే అనామక యువతికి ఆ అవకాశం లేదు. తనను ఎందుకు తిరస్కరించారో కూడా ఆమెకు తెలియదు.

ఆమెకు లేనిది మరొకటి కూడా ఉంది: తప్పుకు ముగింపు. మనుస్మృతి వర్ణం విషయంలో ఎంతమాత్రం అంగీకరించరాని విధులు చెప్పిన గ్రంథమే అయినా, ప్రాయశ్చిత్తాన్ని, అంటే చేసిన తప్పుకు విధించుకునే శుద్ధిని, చర్చించే పదకొండో అధ్యాయంలో, ఆ శుద్ధి పూర్తిచేసుకున్నవారిని ఇక నిందించరాదని కూడా చెప్పింది. తప్పుకు ముగింపు ఉండాలన్న ఈ భావం ధర్మచింతనకు ప్రాణం వంటిది. యంత్రం వెతికి తెచ్చే ఫలితాల్లో ఎనిమిదేళ్ల కిందటి మాటా నిన్నటి మాటా పక్కపక్కనే నిలుస్తాయి కనుక అక్కడ ముగింపు అనేదే లేదు.

అయితే ఇక్కడొక గీత గీయక తప్పదు. తాను విడిచిపెట్టిన మాటను చెరిపివేయడం శుద్ధి. చదవని చదువును, చేయని పనిని తన అంతర్జాల పేజీలో చేర్చడం అసత్యం, ఎందుకంటే మొదటిది మారిన మనిషిని చూపుతుంది, రెండోది లేని మనిషిని సృష్టిస్తుంది. ఇతరులకు హాని చేసి, దాన్ని సరిదిద్దకుండా ఆనవాళ్లు మాత్రమే తుడిచేయడం కూడా శుద్ధి కాదు. భారత పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, పౌరుడు తన సమాచారాన్ని సరిదిద్దించుకునే, తొలగింపజేసుకునే హక్కును పరిమితులతో గుర్తించింది. కానీ చట్టం అభ్యర్థికి ఇచ్చే హక్కు, నియామకం చేసేవారి బాధ్యతను తీర్చదు. పాత వ్యాఖ్య కంటబడినప్పుడు అభ్యర్థిని పిలిచి అడగకుండానే దరఖాస్తును పక్కన పెట్టడం అన్యాయం.