మేలు చేశాక మళ్లీ చూడటం

అవకాశం దొరికినప్పుడల్లా అందరికీ మేలు చేయమని పౌలు గలతీయులకు రాశాడు. మన మందిరాల్లో తరచూ వినబడే మాట ఇది. గిరిజనులుగా మేము దాన్ని రెండు వైపుల నుంచీ వినాల్సి వస్తోంది. మేలు చేయవలసిన వాళ్లం మేమే. చాలాకాలంగా ఇతరులకు ‘మేలు చేసే అవకాశం’గా కనబడుతున్నదీ మేమే. దుప్పట్ల పంపకం రోజున ఫొటో కోసం వరసలో నిలబడినవాళ్లకు ఈ సంగతి వివరించి చెప్పనక్కర్లేదు.

మంచి సమరయుని కథలో యాజకుడు, లేవీయుడు కూడా గాయపడినవాణ్ణి చూశారు. చూసే పక్కకు తప్పుకున్నారు. సమరయుడు గాయాలు కట్టాడని అందరం చెప్పుకుంటాం. మరునాడు అతను పూటకూళ్లవాడితో చెప్పిన మాట మాత్రం మన ప్రసంగాల్లో అంతగా వినబడదు. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అంటే ఆ దారినే మళ్లీ వస్తాడు, మనిషి ఎలా ఉన్నాడో చూస్తాడు. మెలకువగా ఉండటమంటే మాకు ముఖ్యంగా ఇదే అనిపిస్తుంది.

మన గోదావరి మీదే ఇలాంటి మెలకువ కనబడుతుంది. 1860 ప్రాంతంలో దుమ్ముగూడెం దగ్గర పడవల రాకపోకల కోసం నది పనులు జరుగుతున్నాయి. అక్కడి ఇంజనీరు హేగ్‌కు అప్పగించిన పని నది వరకే. అయినా చుట్టూ ఉన్న కోయలను ఆయన పట్టించుకున్నాడు, వాళ్ల మధ్య పనిచేసేవారు కావాలని కోరాడు. అదే పనుల్లో ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు ఆ ఉద్యోగం వదిలి తానే వెళ్లాడు. వీళ్లిద్దరూ అవకాశం వెతుక్కుంటూ దూరం పోలేదు. రోజూ నడిచే దారిలో ఉన్నవాళ్లనే చూశారు.

నది దిగువన, మొగల్తూరు పక్కనే ఉన్న నరసాపురంలో ఇంకో కథ ఉంది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు అక్కడ మిషన్ మొదలుపెట్టాయి. ఈ డెల్టాలో పేద క్రైస్తవ స్త్రీలకు నాలుగు డబ్బులు వస్తాయని మిషనరీలు లేసు అల్లిక నేర్పారు. మంచి పనే. తర్వాత ఆ లేసు వ్యాపారుల చేతికి వెళ్లింది, విదేశాలకు ఎగుమతి అయింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం రాసింది. ఇంటి చాకిరీ చేసుకుంటూనే ఆ స్త్రీలు రోజూ గంటలకొద్దీ అల్లుతున్నారు. లోకం మాత్రం దాన్ని ‘తీరిక పని’ అంది. తీరిక పని కాబట్టి కూలీ కనీస వేతనానికి చాలా కిందే ఉండిపోయింది. సూది పట్టడం నేర్పినవాళ్లది తప్పని మేము అనడం లేదు. ఆ సూది ఎవరికి లాభం తెస్తోందో తర్వాతి తరాలు అడగవలసింది. మనమూ ఆ తరాల్లోనివాళ్లమే.

ఇక ఈ కాలంలోకి వద్దాం. మొగల్తూరు వైపు మురుగు కాలువల గట్ల మీద, చెరువుల దగ్గర యానాది కుటుంబాలు ఉంటాయి. చేపలు, పీతలు పట్టి, రొయ్యల చెరువుల్లో కూలికి వెళ్లి బతుకుతారు. చెరువు పట్టుబడి ఉన్న రోజున బడి హాజరు పట్టీలో ఒక పేరుకు ఎదురుగా ‘ఆ’ పడుతుంది. దాన్ని సోమరితనం అనుకునే మాస్టారూ ఉంటారు, ఏ రోజుల్లో పడుతోందో లెక్క చూసే మాస్టారూ ఉంటారు. రెండోవారికి బైబిలు నోటికి రాకపోయినా మాకు పర్వాలేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. క్రైస్తవులైతే ఎస్టీ హోదా పోతుందని మనవాళ్లలో కొందరు భయపడి బాప్తిస్మం దాచుకుంటారు, కొందరు సర్టిఫికెట్టే అడగరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డ్ తెగలకు మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే భయం. ఇది తెలిసిన యువకుడు ఒక తల్లిని మండలాఫీసుకు తోడు తీసుకెళ్తే అది ఏ సువార్త సభకూ తీసిపోదు.

అయితే కాగితం చేతికొచ్చిందని పని అయిపోదు. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రిజిస్టరులో ఇంకోలా ఉంటుంది. ఒక్క అక్షరం తేడాతో స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. ఆ పిల్ల ఎవరికీ చెప్పదు, చెరువు పనికి పోతుంది. జూన్‌లో సర్టిఫికెట్టు ఇప్పించినవారు నవంబరులో ఆ ఇంటికి వెళ్లి, అమ్మాయి కాలేజీకి పోతోందా అని అడిగితేనే ఆ అక్షరం సంగతి బయటపడుతుంది.