గుజ్జు దాకా ఎరుపు

మామూలుగా ఎర్ర వైన్‌లోని ఎరుపంతా తొక్కదే. నల్లద్రాక్ష తొక్క ఒలిచి గుజ్జు పిండితే దాదాపు రంగులేని రసమే కారుతుంది. తొక్కలతో కలిపి రోజుల తరబడి పులియనిస్తేనే రంగు దిగుతుంది. ఫ్రాన్స్ దక్షిణాన, రోన్ నదీలోయలో, గుండ్రాళ్లు పరుచుకున్న చేలల్లో పండే గ్రెనాష్‌దీ అదే తీరు. షాతోనెఫ్-డ్యు-పాప్ అనే మహా వైన్‌కు ప్రాణం ఆ ద్రాక్షే. తొక్క పలచన, తీపి దండి. అందుకే ఆ వైన్ చూపుకు లేతగా ఉన్నా, పండిన రాస్ప్‌బెర్రీ రుచితో, మిరియాల ఘాటుతో గొంతులో వెచ్చగా దిగుతుంది. ఎండను ఇంత అందంగా దాచుకునే పండు మరొకటి లేదని నా నమ్మకం.

ఆ గ్రెనాష్ రక్తం ఢిల్లీలోనూ ఉంది. బీహార్‌లోని పూసాలో 1934 భూకంపానికి దెబ్బతిని, 1936లో రాజధానికి తరలివచ్చిన వ్యవసాయ పరిశోధన సంస్థలో అది పాదుకొంది. షాతోనెఫ్ పేరుకు ఫ్రాన్స్ చట్టరక్షణ ఇచ్చిందీ 1936లోనే. ఢిల్లీకి వచ్చిన ఆ సంస్థలో పుట్టిన ద్రాక్ష పేరు పూసా నవరంగ్.

దాని వంశం చెప్పుకోదగ్గది. 19వ శతాబ్దంలో మోంపెలియే ప్రాంతపు లూయీ బూషె, ఆయన కొడుకు ఆన్రీ, గుజ్జులోనూ ఎరుపు నిండిన ద్రాక్ష కోసం పట్టుబట్టారు. తండ్రి ఒక పాత రంగుద్రాక్షను అరమాన్‌తో కలిపాడు. ఆ సంతానాన్ని కొడుకు గ్రెనాష్‌తో కలిపి అలికాంట్ బూషె తీశాడు. తర్వాతి తరంలో అమెరికా అడవిద్రాక్ష పాలు కూడా చేరింది. ఆపైన కాలిఫోర్నియాలో హెరాల్డ్ ఓల్మో ఒక పోర్చుగల్ ద్రాక్షతో కలిపి 1958లో రూబీరెడ్‌ను విడుదల చేశాడు. నవరంగ్‌కు తండ్రి అదే.

తల్లి మడలీన్ ఆంజవీన్. ఢిల్లీ సిపాయిల తిరుగుబాటుతో అట్టుడుకుతున్న 1857లోనే, ఫ్రాన్స్‌లో ఆంజూ సీమలోని ఒక నర్సరీలో అది పుట్టింది. తెల్లద్రాక్ష. దాని గొప్పతనం తొందరగా పండటం.

ఆంజూ అనగానే నాకు బెర్నియే గుర్తొస్తాడు. ఆ సీమవాడే, వైద్యుడు, మొగలుల కొలువు చూసినవాడు. ఢిల్లీ అంగళ్లలో వైన్ దొరకదని 1663 నాటి లేఖలో రాశాడు. పర్షియాలోని షిరాజ్ వైన్ సూరత్ రేవు నుంచి నలభై ఆరు రోజులు ప్రయాణించి ఢిల్లీకి చేరేదట. చలికాలంలో దూరదేశాల తాజా ద్రాక్షలు దూదిలో చుట్టి వచ్చేవట. మన గోల్కొండలో మాత్రం డచ్చి, ఇంగ్లీషు వాళ్ల ఇళ్లలో రుచి చూశాననీ, బాగానే ఉందనీ చెప్పాడు! అతని సీమ తీగే మూడు శతాబ్దాల తర్వాత ఢిల్లీ ద్రాక్షకు తల్లి అయింది. ఇంత చక్కని పొత్తు కథలు అల్లేవాళ్లకూ తట్టదు.

తల్లి నుంచి వచ్చిన ఆ తొందర ఢిల్లీలో ఎందుకంత అవసరం? హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షతీగకు నిద్ర లేదు. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక్క పంట. ఢిల్లీ చలికి మాత్రం తీగ ఆకు రాల్చి పడుకుంటుంది. జనవరిలో కత్తిరిస్తే, మార్చిలో చిగురు తొడుగుతుంది. అక్కడినుంచి పరుగే. జూన్ చివర వానలు దిగితే పండు పగిలి కుళ్లుతుంది కనుక ఆలోపే గుత్తి పండాలి. నలభై అయిదు డిగ్రీల వడగాలిలో నవరంగ్ ఆ పని చేసి చూపిస్తుంది. జూన్ మొదటి వారాల్లో ఆకుల కింద నల్లని గుత్తి తయారుగా ఉంటుంది. తల్లి తొందర, తండ్రి రంగు!

ఒక పండు తెంపి నొక్కితే తెలుస్తుంది. తొక్క చిట్లగానే రసం ముదురెరుపై వేళ్ల సందుల్లోకి పారుతుంది. గుజ్జు విడదీసి చూసినా ఎరుపే. గోటి చివర మరక కడిగినా పోదు. జ్యూస్‌కైనా వైన్‌కైనా ఇక వేరే రంగు కలపక్కర్లేదు. దీన్ని పెంచి పోషించిన పూసా శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కాలి.

ఢిల్లీ ద్వారకలోనో నోయిడాలోనో గోడ పక్కన కాస్త మట్టి ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. జనవరిలో ఒక నవరంగ్ కొమ్మ సంపాదించి నాటండి, పందిరి వేయండి. కాపుకొచ్చాక మొదటి గుత్తిని పిల్లల చేతికే ఇవ్వండి.