శివరాత్రి నాటి నిద్ర

ఛత్తీస్‌గఢ్‌ దక్షిణపు కొసను, శబరీతీరమున ఆంధ్రదేశపు పొలిమేరనంటియున్న కొంటాలో, ఆకసమున మేఘశకలమైనను లేని దినమున నది పొంగుట కలదు. దిగువ కూనవరము కడ సంగమమున గోదావరి నిండుగా ప్రవహించుచు శబరి నీటిని వెనుకకు త్రోయుటయే అందులకు హేతువు. బైపోలార్ వ్యాధిగ్రస్తుని హర్షవిషాదములును పలుమారు ఇట్టివే. ఇంట ఏ లోటును లేనప్పుడు క్రుంగిపోయినవానిని "నీకేమి తక్కువ?" అని నిలదీయువారు స్థానికముగా కురిసిన వాననే వెదకుచున్నారు.

ఇట్టివాడు స్థితప్రజ్ఞుడు కాగలడా? అనుదినము మ్రింగు లిథియము మాత్రవలన సిద్ధించిన సమత్వము ఎరువుసొమ్మనియు, సాధనవలన వచ్చినదే స్వార్జితమనియు వాదించువారు కలరు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఆ లవణము ఉన్మాదమును శమింపజేయుటను ప్రకటించెను. నాటినుండి ఎందరి కాపురములో దానివలన నిలిచినవి. గీత రెండవ అధ్యాయమున స్థితప్రజ్ఞుని వర్ణించిన ఆచార్యుడే ఆరవ అధ్యాయమున, నిరాహారునకును, అతిగా మేలుకొనువానికిని యోగము కుదరదని చెప్పుచున్నాడు. ఆహారనిద్రల నాశ్రయింపని సమత్వము గీతలోనే లేనప్పుడు, ఔషధము నాశ్రయించినది హీనమెట్లగును?

చిక్కు వచ్చునది శివరాత్రినాడు. ఒక్క రాత్రి జాగరము ఈ వ్యాధిలో ఉద్రేకమును రేపగలదు. నీరు త్రాగక, ఉప్పు మానినచో రక్తమున లిథియము విషప్రమాణమునకు పెరుగగలదు; అప్పుడు చేతులు వణకును, వాంతులగును, అడుగు తడబడును. వైశాఖపు ఎండలో చెమట కారునప్పుడును అదే భయము. కాలకాలమునకు రక్తపరీక్ష చేయించుట అందులకే. జలమును, ఔషధమును వ్రతభంగము చేయని ఎనిమిదింటిలో మన ధర్మశాస్త్రములు చేర్చినవి. రోగికి మారుగా ఇంటివారు వ్రతము నడపుటకును అనుమతించినవి. శాస్త్రమునకు లేని పట్టుదల మన వీధి పెద్దలకేలనో!

కష్టమైనది వేరొకటి. ఉద్రేకము మొదలైనవానికి నిద్ర అక్కరలేదనిపించును. అది దైవానుగ్రహమని అతడు నమ్మును, వినువారును నమ్ముదురు. భక్తికిని వ్యాధికిని గల భేదము లోపలనుండి తెలియునని నేననుకొనను. కావున ఆరోగ్యముగా ఉన్ననాడే తల్లితోనో వదినతోనో ఒడంబడిక చేసికొనుట మేలు: వరుసగా రెండు రాత్రులు తన నిద్ర తగ్గినచో, తానెంత జ్ఞానముగా మాటలాడుచున్నను వినక, భద్రాచలమునకో జగదల్‌పూరు పెద్దాసుపత్రికో వెళ్లు బస్సెక్కింపవలెనని.